రాయి పడని ఇల్లు

తార్నాకలో ఎనిమిదో నంబరు వీధి చివర ఉన్న కొమురెల్లి ఇంటికి ఏడేళ్లుగా ఒక్క ప్రమాదం కూడా జరగలేదన్న ఆందోళనకరమైన విషయం 1997 ఫిబ్రవరిలో బీమా కంపెనీ దృష్టికి వచ్చింది. కంపెనీ వెంటనే మేల్కొంది. ఏడేళ్లుగా అంటుకోని కప్పు, కూలని గోడ, దొంగ తొక్కని గడప, పగలని కిటికీ! ఇటువంటి ఇంటిని నమ్మడానికి వీల్లేదని పై అధికారులు తీర్మానించారు. ఆ మేరకు కొమురెల్లికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం అందింది. తమరి గృహ బీమాను మార్చి ముప్పై ఒకటి తర్వాత పొడిగించలేకపోతున్నందుకు మిక్కిలి చింతిస్తున్నామని అందులో ఉంది. చింతకు కారణం మాత్రం రాయలేదు.

ఉత్తరంతో పాటు కొత్త సంవత్సరం క్యాలెండరు కూడా పంపారు. అప్పటికే ఫిబ్రవరి నడుస్తోంది కాబట్టి జనవరి కాగితం చింపేసి మరీ పంపారు. క్యాలెండరు మీద పచ్చటి ఇంటి ముందు తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ నవ్వుతున్నారు. వాళ్ల కాళ్ల దగ్గర "ఆపదలో మీ వెంటే" అని ఎర్రటి అక్షరాలు.

మామూలు మనిషైతే ఆ ఉత్తరం చూసి కంగారుపడేవాడు. కొమురెల్లి మామూలు మనిషి కాదు, విశ్వవిద్యాలయంలో సర్టిఫికెట్ల విభాగానికి సూపరింటెండెంటు. ముందుగా సంతకం కింద హోదా ముద్ర ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. డెస్పాచ్ నంబరు ఉంది. తేదీ ఉంది. కారణం తప్ప ఉండవలసినవన్నీ ఉన్నాయి కాబట్టి ఉత్తరం సక్రమంగానే ఉందని సంతోషించాడు. తర్వాత కంగారుపడ్డాడు.

ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి పనినీ నిరాకరించని మనిషి. కాకపోతే ఎవరు డిగ్రీ పట్టా కోసం వచ్చినా, ఆ పట్టా ఇంతకు ముందు తీసుకోలేదని ఒక ధ్రువపత్రం తెమ్మనేవాడు. ఆ ధ్రువపత్రం ఇచ్చేది కూడా ఆయన విభాగమే. దానికి దరఖాస్తు చేసుకోవాలంటే పట్టా నకలు జతచేయాలి. ఈ పద్ధతిని కనిపెట్టింది ఆయనే. దీనివల్ల ఆరేళ్లలో ఆ విశ్వవిద్యాలయం నుంచి ఒక్క దొంగ పట్టా కూడా బయటికి పోలేదు. అసలు పట్టాలు కూడా పెద్దగా పోలేదు.

ఇక ఇంటి సంగతి. ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘం ఇచ్చిన అప్పుతో కట్టిన ఇల్లది. ఇంటికి బీమా ఒక్కరోజు తప్పినా సంఘం దాన్ని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చునని ఒప్పందంలో పద్నాలుగో షరతు చెబుతోంది. అప్పట్లో సంఘానికి గౌరవ కార్యదర్శి కొమురెల్లే. ఆ షరతు రాసింది కూడా ఆయనే. షరతులు పదమూడే ఉంటే ఒప్పందం వెలితిగా కనిపించిందట.

ఇంటిని కట్టింది మేస్త్రీలే అయినా నిలబెట్టింది ఆయన భార్య భారతమ్మ. గోడలు పొడిబారకుండా పొద్దున ఐదింటికి, సాయంత్రం ఆరింటికి బిందెలతో నీళ్లు మోసి కొట్టింది. ముందు గది కిటికీకి పూలరెక్కల అద్దం కావాలని ముషీరాబాదులో నాలుగు దుకాణాలు తిరిగి ఏరింది. ఆ అద్దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, బ్రేకు పడినప్పుడల్లా పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. సాయంత్రం ఎండ ఆ అద్దంలోంచి పడితే గచ్చు మీద పూలు పూస్తాయి. రోజూ ఆ వేళకు ఆమె పని ఆపి కాసేపు అక్కడే కూచుంటుంది.

ఉత్తరంలో ఏముందో విని ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

"మనిల్లు మనకుండదా?"

"ఎందుకుండది? కాయితం ఉంటే ఉంటది," అన్నాడు కొమురెల్లి.

"గంతమంది చెమట పోస్తే లేచిన గోడలు. కాయితం మీద నిలబడ్డయా?"

ఇటువంటి అమాయకపు ప్రశ్నలకు జవాబివ్వడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి కొమురెల్లి స్కూటరు తీసి సికింద్రాబాదులోని బీమా కంపెనీ బ్రాంచికి బయల్దేరాడు.

బ్రాంచి మేనేజరు సోమయాజులు పెద్దమనిషి. కూచోమన్నాడు, టీ తెప్పించాడు, అద్దాలు తుడుచుకున్నాడు. కారణం చెప్పడానికి వీల్లేదని మొదట చెప్పి, అటు తర్వాత అరగంట సేపు కారణం చెప్పాడు.

"చూడండి కొమురెల్లి గారూ. మీ ప్రాంతంలో ఏడేళ్లకు ఇంటికొక ప్రమాదం చొప్పున సగటు. అందరికీ వచ్చింది. మీకింకా రాలేదు. రాలేదంటే ఏమిటి? బయల్దేరిందన్నమాట. దారిలో ఉందన్నమాట."

"సారూ, ఏడేండ్లు ఏం గాలేదంటే మంచిదే కదా?"

"మీకు మంచిది. మాకు భయం. పైగా మీ ఇల్లు విశ్వవిద్యాలయానికి పక్కనే. అక్కడ బంద్‌లు, ధర్నాలు, రాళ్లు."

"మా ఇంటి మీద ఒక్క రాయన్న పడలే సారూ."

"అదే మా భయం," అన్నాడు సోమయాజులు.

నిజానికి కొమురెల్లికి ఒళ్లు మండాలి. కానీ అతని గుండెల్లో కోపానికి బదులు గౌరవం పుట్టుకొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎన్నో కొర్రీలు పెట్టాడు గానీ, ఏమీ జరగకపోవడాన్నే తప్పుగా చూపించే కొర్రీ తనకెప్పుడూ తట్టలేదు. మనసులోనే చేతులెత్తి మొక్కాడు.

"మరి ఉపాయమేంది సారూ?"

"విద్యార్థులు విసిరే రాళ్లు మీ ఇంటిదాకా రావని అధికారికంగా ఒక సర్టిఫికెట్ తెండి. విశ్వవిద్యాలయం ఇవ్వాలి. చూద్దాం."

ఇంకో కంపెనీకి పోవచ్చు కదా అని మీరు అనవచ్చు. కొమురెల్లి అక్కడికీ పోయాడు. ఆ రోజుల్లో బీమా కంపెనీలన్నీ సర్కారువే. మొదటి కంపెనీ ఎందుకు వద్దన్నదో రాతపూర్వకంగా తెమ్మని రెండో కంపెనీ అడిగింది. అది రహస్యమని మొదటి కంపెనీ చెప్పింది. రహస్యాలున్న మనిషికి బీమా చేయలేమని రెండో కంపెనీ విచారం వెలిబుచ్చింది.

ఇక మిగిలింది సర్టిఫికెట్. కొమురెల్లి ఎంతో శుభ్రంగా దరఖాస్తు రాసి, మూడు కార్బన్ కాపీలు తీసి, ఇన్‌వార్డులో ఇచ్చి నంబరు వేయించుకున్నాడు. సర్టిఫికెట్ అన్నాక అది సర్టిఫికెట్ల విభాగానికే రావాలి కాబట్టి, మర్నాడు అటెండరు భీమయ్య ఆ కాగితాన్ని తెచ్చి కొమురెల్లి బల్ల మీదే పెట్టాడు. ఇంకొకరైతే కళ్లు మూసుకుని సంతకం పెట్టి పైకి పంపేవారు. కొమురెల్లి నిష్పాక్షికంగా చదివాడు. చదివి, ఎర్ర సిరాతో ఇలా రాశాడు: "దరఖాస్తుదారుకు ఇల్లు ఉన్నట్లు ఆధారమేదీ జతపరచలేదు. తిప్పి పంపడమైనది."

తిప్పి పంపిన కాగితం మూడు రోజుల తర్వాత పోస్టులో ఇంటికి వచ్చింది. చదువుకుని కొమురెల్లి కాస్త నొచ్చుకున్నాడు గానీ, కొర్రీలో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు.

"రాసింది నువ్వే, పంపింది నువ్వే, బాధపడేది నువ్వే," అంది భారతమ్మ. "జర మొగం కడుక్కొని అద్దంల చూస్కోయ్యా. గాయనను ఒకసారి అడుగు, ఏం కావాల్నో."

ఆధారాలు జతచేశాక కాగితం పైకి కదిలింది. విషయం గంభీరమైనది కాబట్టి విశ్వవిద్యాలయం ఒక సంఘం వేసింది. దాని పేరు శిలా ప్రక్షేపణ పరిధి నిర్ధారణ సంఘం. భౌతిక శాస్త్ర ఆచార్యుడు నరహరి అధ్యక్షుడు. వ్యాయామ శాఖ నుంచి ఒకరు, భూగర్భ శాస్త్రం నుంచి ఒకరు, రాయి అంటే ఏమిటో నిర్వచించడానికి తెలుగు శాఖ నుంచి ఒకరు సభ్యులు. మొదటి నాలుగు సమావేశాలు నిర్వచనానికే సరిపోయాయి. పిడికిట్లో ఇమిడేది రాయి, ఇమడనిది బండ అని ఐదో సమావేశంలో తేలింది. బండల గురించి వేరే సంఘం వేయాలని సిఫారసు చేశారు.

ఆరో సమావేశంలో ప్రయోగం మొదలైంది. ఇద్దరు పరిశోధక విద్యార్థుల చేత ఆటస్థలంలో రాళ్లు వేయించారు. యాభై రెండు మీటర్లు పోయాయి. నరహరి పెదవి విరిచాడు.

"ఇది చెల్లదు," అన్నాడాయన సంఘాన్ని ఉద్దేశించి. "వీరు శాంతంగా ఉన్నారు. శాంతంగా ఉన్నవాడు రాయి వేయడు. కనుక వేసే రాయికీ కోపానికీ గల సంబంధాన్ని విస్మరించి మనం లోకానికి ఒక అసత్యాన్ని అందించలేము. కోపం కావాలి. శాస్త్రానికి కోపం కావాలి!"

సభ్యులు బల్లలు చరిచారు. కోపం సమకూర్చవలసిందిగా విద్యార్థి సంఘానికి లేఖ రాశారు. ఈ వారం మాకు సమస్యలేమీ లేవని, పరీక్షలయ్యాక చూద్దామని విద్యార్థి సంఘం బదులిచ్చింది. దాంతో విశ్వవిద్యాలయమే పూనుకుని, పరిశోధన ప్రయోజనాల దృష్ట్యా హాస్టల్ మెస్సులో పప్పుచారులోని పప్పును సగానికి తగ్గించవలసిందిగా ఉత్తర్వు జారీచేసింది. రెండు రోజులు ఎవరూ తేడా గమనించలేదు. మూడో రోజు పప్పు మొత్తం తీసేశారు. రుచి మెరుగైందని విద్యార్థులు వార్డెనుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆఖరికి గుండె దిటవు చేసుకుని ఆదివారం కోడికూర ఆపారు.

ఆ మధ్యాహ్నం కోపం సమృద్ధిగా లభించింది. నరహరి టేపు పట్టుకుని చెట్టు చాటు నుంచి కొలతలు తీసుకున్నాడు. అతి దూరం పోయిన రాయి ఎనభై నాలుగు మీటర్లు పోయింది. క్యాంపస్ గోడ నుంచి కొమురెల్లి గడప దాకా భీమయ్య కొలిచి చూస్తే మూడు వందల పది మీటర్లు వచ్చింది. మార్చి ఇరవయ్యో తేదీన, రాజముద్రలాంటి ఎర్ర ముద్రతో, ధ్రువపత్రం వెలువడింది. "ఈ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఎంతటి ఆగ్రహంలో ఉన్నప్పటికీ, వారు విసిరే రాళ్లకు పైన పేర్కొన్న గృహాన్ని చేరగల శక్తి లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

కొమురెల్లి దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఎన్నో సర్టిఫికెట్లు ఇచ్చిన చేతులకు ఒక సర్టిఫికెట్ అందడం ఇదే మొదలు.

ఆ కాగితం నకలు నోటీసు బోర్డు మీద పెట్టారు. అదే తప్పయింది. విద్యార్థి నాయకుడు ప్రేమ్ కుమార్ దాన్ని చదివాడు. ప్రేమ్ కుమార్ అప్పటికి పన్నెండేళ్లుగా విద్యను వదలని యువకుడు. మూడు ఎమ్మేలు పూర్తి చేసి నాలుగోదానిలో ఉన్నాడు. నోటీసు బోర్డు కిందే బల్ల ఎక్కి ఉపన్యసించాడు.

"మిత్రులారా! మన చేతుల సత్తాను ఎనభై నాలుగు మీటర్లకు కుదించిన ఈ నివేదికను మనం తిరస్కరిస్తున్నాం! పప్పు లేని చారు తాగించి, కోడికూర లేకుండా చేసి, నీరసంగా ఉన్న సమయంలో మన బలాన్ని కొలవడం ఒక కుట్ర! ఆ ఇంటికి మన రాయి చేరుతుందని చేతల్లో నిరూపిస్తాం!"

ఈలలు వేశారు. మూడు వందల మంది క్యాంపస్ గోడ దగ్గర నిలబడి శక్తికొద్దీ విసిరారు. రాళ్లు మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో పడి, అక్కడ మేస్తున్న రెండు బర్రెలకు విసుగు తెప్పించాయి. శాస్త్రం అబద్ధమాడదు. ప్రేమ్ కుమార్ మాత్రం పట్టు వీడలేదు. దూరాన్ని రాయి దాటలేకపోతే మనిషి దాటాలన్నాడు. ఊరేగింపు కొమురెల్లి ఇంటి ముందుకొచ్చింది.

భారతమ్మ అప్పుడు వాకిట్లో కనకాంబరం మొక్కలకు నీళ్లు పోస్తోంది. నినాదాలు విని చెంబు కింద పెట్టి గేటు దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, గిదేం లొల్లి? ఎవరు గావాలె?"

ప్రేమ్ కుమార్ చేతిలో రాయి ఉంది. దాన్ని వెనక్కు దాచుకున్నాడు.

"ఏం లేదు పెద్దమ్మా. మీ ఇంటిమీద రాయేద్దామని వచ్చినం."

"మా ఇల్లు మీకేం జేసింది?"

"మీ ఇల్లేం జేయలే. మా ఇజ్జత్ సవాలు."

"మూడు నాలుగు వందల గజాలు ఎండల నడిచొచ్చిన్రు. మొగాలు చూస్తే అన్నం తిన్నట్టు లేరు. ముందుగాల జర నీళ్లు తాగున్రి. ఇజ్జత్ సంగతి అటెన్క చూద్దాం."

నీళ్లు తాగారు. చాయ్ తాగారు. ప్రేమ్ కుమార్‌ది జనగామ దగ్గర పల్లె అని తేలింది. భారతమ్మ పుట్టింటికి రెండు ఊళ్ల అవతల. వాళ్ల అమ్మకు మోకాళ్ల నొప్పులని విని భారతమ్మ నువ్వుల నూనె సీసా ఇచ్చింది. ఊరేగింపు ఆ సీసాతో వెనక్కి మళ్లింది. ఆ రోజు క్యాంపస్‌లో విద్యార్థి ఉద్యమ చరిత్రలోనే మొదటిసారిగా ఒక ఆందోళన ఎటువంటి హామీ లేకుండా విరమింపబడింది.

మర్నాడు కొమురెల్లి ధ్రువపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని సోమయాజులు ముందుంచాడు. సోమయాజులు ఆనందంగా చదివాడు. రెండోసారి చదువుతున్నప్పుడు ఆనందం తగ్గింది.

"అంటే రాళ్లు రావు."

"రావు సారూ. లెక్కగట్టి మరీ చెప్పిన్రు."

"రాళ్లు రావంటే ప్రమాదం లేదు. ప్రమాదమే లేని ఇంటికి బీమా ఎందుకండీ? మేం ప్రభుత్వ సొమ్ముకు జవాబుదారీ. అవసరం లేనివాడి దగ్గర ప్రీమియం తీసుకుంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?"

కొమురెల్లి కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"ప్రమాదం ఉంటే భయమంటిరి. లేకుంటే అవసరం లేదంటిరి. మరి ఎసొంటి ఇంటికి చేస్తరు సారూ?"

సోమయాజులు తలుపు దగ్గరికి పోయి, బయట ఎవరూ లేరని చూసుకుని, తిరిగొచ్చి, గొంతు తగ్గించాడు. "ప్రమాదం వచ్చిపోయిన ఇంటికి. సగటు తీరిపోయిందన్నమాట. మళ్లీ ఏడేళ్ల దాకా నిశ్చింత. ముప్పై ఒకటి లోపల మీ ఇంటికి ఒక చిన్న, మర్యాదైన ప్రమాదం జరిగితే నేను సంతోషంగా సంతకం పెడతాను. నిప్పు వద్దు. గోడ వద్దు. ఏదైనా అద్దం లాంటిది అయితే బాగుంటుంది."

కొమురెల్లి ఇంటికి పోలేదు. నేరుగా క్యాంపస్‌కు పోయి ప్రేమ్ కుమార్ ముందు నిలబడ్డాడు. ఒకప్పుడు అదే ప్రేమ్ కుమార్ మూడో ఎమ్మే పట్టా కోసం తొమ్మిది నెలలు ఆయన బల్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఎవరూ ఎత్తలేదు.

"ఒక రాయి కావాలె తమ్మీ. మా కిటికీకి."

"మీ ఆవిడ చేతి చాయ్ తాగినం. ఎట్ల ఏస్తం సార్?"

"మా ఇల్లు పోతది తమ్మీ." అంటూ కొమురెల్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నడూ కాగితంలో లేని మాట మాట్లాడి ఎరగని మనిషి.

ప్రేమ్ కుమార్ మెత్తబడ్డాడు. అయినా పద్ధతి పద్ధతే కదా. "దరఖాస్తు పెట్టున్రి. ఇంతకు ముందు మీ ఇంటిమీద రాయి పడలేదని ఒక సర్టిఫికెట్ జతచెయ్యున్రి. కార్యవర్గంల పెడ్త."

కొమురెల్లి ఆ సర్టిఫికెట్ కూడా జతచేసి దరఖాస్తు పెట్టాడు. విద్యార్థి సంఘం దాన్ని అత్యవసర అంశంగా పరిగణించి, మార్చి ముప్పై, ఆదివారం ఉదయం పదింటికి రాయి వేయడానికి ఏకగ్రీవంగా ఆమోదించింది. నమోదు చేయడానికి ఆచార్య నరహరి కూడా వస్తానన్నాడు.

భార్యకు ఈ విషయం చెప్పే ధైర్యం కొమురెల్లికి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర దాకా రాలేదు. చెప్పాక భారతమ్మ లోపలికి పోయి, ఒక మెత్తటి గుడ్డ తెచ్చి, పూలరెక్కల అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచింది. తుడిచి వరండాలో కూచుంది.

పదింటికి అందరూ వచ్చారు. అరుగులు నిండాయి. ప్రేమ్ కుమార్ సందర్భోచితంగా నాలుగు మాటలు మాట్లాడి మొదటి రాయి వేశాడు. అది కరెంటు స్తంభానికి తగిలింది. రెండోది కనకాంబరం మొక్కల్లో పడింది. తర్వాత ఒకరి వెనక ఒకరు పదిహేడు మంది, పది అడుగుల దూరం నుంచి వేశారు. ఒక్కటీ తగల్లేదు. కొందరి రాళ్లు గేటు దాకా కూడా రాలేదు. నరహరి పెన్సిల్ చెవిలో దోపుకుని తల ఆడించాడు. కోడికూర పునరుద్ధరించి రెండు ఆదివారాలైంది. పైగా వరండాలో ఆ తల్లి కూచుని చూస్తోంది. కోపం ఎక్కడి నుంచి వస్తుంది? శాస్త్రం మరొక్కసారి గెలిచింది.

పదకొండు దాటింది. ఇంక ఒక్కరోజే ఉంది. అప్పుడు కొమురెల్లి చేతులు జోడించి, వీధిలో అందరి ముందూ, రాళ్లు వేయమని పిల్లలను బతిమాలడం మొదలుపెట్టాడు.

భారతమ్మ అది చూసింది. కొంగు నడుముకు బిగించి లేచింది. కనకాంబరాల్లో పడిన రాయిని తీసుకుంది.

"గంత పెద్ద చదువులు చదివి, గంత పెద్ద ఆఫీసులల్ల కూసొని, ఒక్క ఆడిమనిషి కిటికీ పగలగొట్టనీకి ఇంతమంది కూడిన్రు. అదన్న చేతనైందా మీకు?"

ఆమె చేతిలోంచి రాయి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. అద్దం నడిమధ్యన తగిలింది. పూలరెక్కలన్నీ ఒక్కసారిగా గచ్చు మీద రాలాయి. భారతమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి కొమురెల్లికి సిగ్గేసింది.

అధికారిక నివేదికలో మాత్రం రాయి వేసినవారు "గుర్తు తెలియని ఆందోళనకారులు" అని రాశారు. ప్రేమ్ కుమార్ సాక్షి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే విద్యార్థి సంఘం తన రాయి మూడు వందల పది మీటర్లు దాటిందని ప్రకటించి విజయోత్సవం జరుపుకుంది. కోపం స్వచ్ఛమైనదైతే పరిధికి హద్దు లేదని నరహరి తన నివేదికకు అనుబంధం చేర్చాడు. దాన్ని ఆ ఏడు మూడు సదస్సుల్లో చదివాడు.

సోమవారం ఉదయం సోమయాజులు స్వయంగా వచ్చాడు. చెప్పులు బయట విప్పి, గాజు పెంకుల ముందు కాసేపు వినయంగా నిలబడి, "శుభం" అన్నాడు. అక్కడే సంతకం పెట్టాడు. కొత్త పాలసీలో రాళ్లు, అద్దాలు, కిటికీలు, విద్యార్థులు తప్ప అన్నీ వర్తిస్తాయి. పగిలిన అద్దానికి పరిహారం మాటేమిటని కొమురెల్లి అడగబోతే సోమయాజులు చెయ్యి ఎత్తి ఆపాడు. ప్రమాదం జరిగిన ఇల్లే మంచి ఇల్లు, కానీ పరిహారం అడిగిన ఇల్లు మంచి ఇల్లు కాదు. అడగనని రాసివ్వమన్నాడు. కొమురెల్లి రాసిచ్చాడు. మూడు కాపీలు. ఇల్లు నిలిచింది. కిటికీకి ప్రస్తుతానికి చేతికందిన క్యాలెండరు కాగితం అంటించారు. ఇప్పుడు సాయంత్రం ఎండ వస్తే గచ్చు మీద పూలు పడవు. పచ్చటి ఇంటి ముందు నలుగురు నవ్వుతూ వెలుగుతారు.

కథ ఇక్కడికి అయిపోయేదే. కానీ ఏప్రిల్ మొదటి వారంలో ఎనిమిదో నంబరు వీధిలో మరో ఇరవై ఇళ్లకు చింతిస్తున్నామనే ఉత్తరాలు వచ్చాయి. మౌలాలిలో కూడా కొందరికి వచ్చాయని తెలిసింది. అందరూ చదువుకున్నవాళ్లే, ఏం చేయాలో వెంటనే గ్రహించారు. ఓ పొద్దున భారతమ్మ తలుపు తీసేసరికి గేటు ముందు వరుస కట్టి ఉన్నారు. ఎవరి రాయి వాళ్లు కడిగి తెచ్చుకున్నారు. పక్కింటి అమ్మాజీ ముందు నిలబడింది.

"వదినా, మా పక్క కిటికీకి ఒక్కటి. చిన్నదే. ఎట్లాగూ పగుళ్లిచ్చింది. నీ చేతి రాయికి కంపెనీల మంచి పేరున్నదట."

వరుసలో ఆఖరున సోమయాజులు ఉన్నాడు. ఆయన ఇల్లు మల్కాజ్‌గిరిలో. పదకొండేళ్లుగా ఏ ప్రమాదమూ లేదు. సొంత కంపెనీ నుంచే ఉత్తరం వచ్చింది, డెస్పాచ్ నంబరుతో సహా. చేతిలో గులకరాయి, మొహాన మొహమాటం.

భారతమ్మ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఇంతమంది ఉన్నరు. అందరు ఎవరి అద్దం వాళ్లు పగలగొట్టుకోనీకి పొద్దుగాల్నే తయారై వచ్చిన్రు. గా కంపెనీ పెద్దాఫీసుకు పోయి, గిదేం నాయం అని ఒక్కలన్న అడిగిన్రా?"

ప్రశ్న బాగుందని అందరూ ఒప్పుకున్నారు. అంత మంచి ప్రశ్నను తొందరపడి అడగకూడదని, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ఫారంలో అడగాలో నిర్ణయించడానికి ఒక సంఘం వేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. సంఘానికి కొమురెల్లిని కన్వీనరుగా ఎన్నుకున్నారు. ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి, కొత్త పేజీలో మార్జిను గీశాడు.

తొలి సమావేశం వచ్చే ఆదివారానికి పెట్టారు. కోరం లేక వాయిదా పడింది. సభ్యులందరూ ఆ రోజు అద్దాలు కొనడానికి ముషీరాబాదు పోయారు.